కేర్‌టేకర్లు మానేయకుండా నిలబెట్టుకోవడం ఎలా

వృద్ధుల సంరక్షణకు మనుషులు దొరకడం లేదన్న మాట ఎక్కడైనా వినిపిస్తుంది. దొరికినవాళ్లు ఎన్నాళ్లు ఉంటున్నారు, ఏ వారంలో వెళ్లిపోతున్నారు అని అడిగితే మాత్రం కాగితం తీసి చూపించేవాళ్లు అరుదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లలో చాలామంది పెద్దవాళ్లను చూసుకోలేక మానేయరు. రేపు ఏ డ్యూటీ పడుతుందో తెలియక, నడుము పట్టేసి, అలవాటు కాకముందే పదిమంది బాధ్యత ఒంటరిగా మీద పడి, అనరాని మాటలు పడి మానేస్తారు. ఇవన్నీ నడిపేవాళ్ల చేతిలో ఉన్నవే. కింద చెప్పేదంతా వృద్ధాశ్రమాలు, ఇళ్లకు కేర్‌టేకర్లను పంపే ఏజెన్సీలు నడిపేవాళ్ల కోసం. ఇంట్లో మనిషిని పెట్టుకున్న కుటుంబాల గురించి చివర్లో విడిగా ఉంది.

ముందు లెక్క తీయండి

గత 12 నెలల్లో మానేసినవాళ్ల సంఖ్యను సగటున పనిలో ఉన్నవాళ్ల సంఖ్యతో భాగించి 100తో గుణించండి. సగటున 40 మంది ఉన్నచోట ఏడాదిలో 24 మంది వెళ్లిపోతే అది 60 శాతం. ఈ ఒక్క అంకె దగ్గర ఆగిపోతే తప్పుదారి పడతారు. 40 మందిలో 60 శాతం మారిపోయారని కంగారు పడతాం గానీ, చాలాచోట్ల 32 మంది కదలకుండా ఉంటారు, మిగిలిన 8 ఖాళీల్లోకే ఒకరి తర్వాత ఒకరు వచ్చి పోతుంటారు. అది జీతాల సమస్య కంటే మొదటి వారాల సమస్య అయ్యే అవకాశం ఎక్కువ.

అందుకని మానేసిన ప్రతి ఒక్కరి పేరు ఎదురుగా నాలుగు విషయాలు రాయండి: చేరిన తేదీ, మానేసిన తేదీ, ఏ షిఫ్టులో ఎవరి కింద పనిచేశారు, ఎవరి ద్వారా వచ్చారు. తర్వాత వాళ్లను మూడు గుంపులు చేయండి: 90 రోజుల లోపు వెళ్లినవాళ్లు, 90 రోజుల నుంచి ఏడాది లోపు వెళ్లినవాళ్లు, ఏడాది దాటాక వెళ్లినవాళ్లు. మొదటి గుంపు పెద్దదైతే తప్పు ఎంపికలోనో, పని నేర్పే తీరులోనో ఉంది. రెండోది పెద్దదైతే డ్యూటీ చార్టును, పని భారాన్ని అనుమానించండి. మూడోది పెద్దదైతే ఎదుగుదల లేకపోవడం, కొత్తవాళ్లకూ పాతవాళ్లకూ ఒకే జీతం లాంటివి చూడాలి. ఒకే సూపర్‌వైజర్ కింద ఎక్కువమంది మానేశారని తేలితే ఇక వేరే కారణం వెతకక్కర్లేదు.

ఒకరు మానేస్తే అయ్యే ఖర్చును కూడా గంటల్లో లెక్కేయండి. ఎంపికకు 6 గంటలు, కొత్త మనిషి నేర్చుకునే 10 షిఫ్టులకు 80 గంటలు, నేర్పేవారి సమయం 20 గంటలు, ఖాళీగా ఉన్న మూడు వారాల్లో 18 షిఫ్టులకు 144 గంటల ఓవర్‌టైం అనుకుందాం. ఓవర్‌టైం మొత్తాన్ని ఖర్చుగా వేయకూడదు, ఆ రోజుల మామూలు జీతం ఎలాగూ మిగిలింది. ఓవర్‌టైం ఒకటిన్నర రెట్లయితే అదనంగా పడేది 72 గంటలే. అయినా మొత్తం 178 గంటలు, అంటే ఒక మనిషి 22 షిఫ్టుల జీతం. జీతం పెంచడానికి, బదులు మనిషిని పెట్టడానికి డబ్బు లేదనే యజమాని ముందు ఈ కాగితం పెట్టండి.

చేర్చుకునేటప్పుడే ఉన్నది ఉన్నట్టు చెప్పండి

"పెద్దవాళ్లకు తోడుగా ఉండాలి" అని ప్రకటన వేసి, మొదటి రోజే డైపర్ మార్చమంటే ఆ మనిషి రెండో రోజు రాదు. మలమూత్రాలు శుభ్రం చేయడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం, లేవలేనివాళ్లకు స్నానం చేయించడం, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు తిట్టినా గీరినా ఓర్చుకోవడం, నైట్ డ్యూటీలు, పండగరోజు డ్యూటీలు... ఇవన్నీ ఎంపిక మాటల్లోనే రావాలి. ఇంకా మంచి పద్ధతి, పనిలో చేరమని చెప్పే ముందు ఒక నాలుగు గంటలు జీతమిచ్చి పక్కన నిలబెట్టి చూపించడం. అదీ ఉదయం 6 నుంచి 10 లోపు. మధ్యాహ్నం రెండింటికి పిలిస్తే అందరూ నిద్రపోతూ కనిపిస్తారు, పని ఇంతేనా అనిపిస్తుంది. ఇది చూసి కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గనివ్వండి, మూడో వారంలో తగ్గడం కన్నా నయం.

"మీకు పెద్దవాళ్లంటే ఇష్టమేనా?" అన్న ప్రశ్నకు కాదనేవారు ఉండరు, కాబట్టి ఆ ప్రశ్న దండగ. "ఎవరికైనా మంచం మీదే ఒళ్లు తుడిచారా? వద్దని చెయ్యి తోసేస్తే ఏం చేశారు?" అని అడగండి. "ఏ సమయాల్లో మీరు రాలేరు?", "ఉదయం 6 గంటల డ్యూటీకి ఎలా చేరుకుంటారు?" అనేవి కూడా తప్పనిసరి. ఈ రెంటికీ సరైన జవాబు లేకుండా చేర్చుకుంటే, మంచి మనసున్న మనిషి కూడా నెల తిరక్కుండా మానేయాల్సి వస్తుంది.

ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లు తెచ్చిన మనుషులు సాధారణంగా ఎక్కువకాలం ఉంటారు, ఎందుకంటే లోపలి సంగతులు తెలిసే వస్తారు. తెచ్చినవారికి ఇచ్చే బహుమతి మాత్రం చేరిన రోజే ఇవ్వొద్దు. సగం 90 రోజులకు, సగం ఆరు నెలలకు ఇస్తే, తెచ్చిన మనిషే కొత్తవాళ్లను కనిపెట్టుకుని ఉంటుంది.

మొదటి 90 రోజులు

డబ్బు, శ్రద్ధ ఒక్కచోటే పెట్టగలిగితే ఇక్కడ పెట్టండి.

మొదటి రోజుకి యూనిఫాం, లాకరు, డ్యూటీ చార్టులో పేరు సిద్ధంగా ఉండాలి. ఎవరితో కూర్చుని తినాలో, ఎవరిని ఏమని పిలవాలో చెప్పే మనిషి ఉండాలి. చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, మొదటి భోజన విరామంలో ఒక్కతే మెట్ల మీద కూర్చున్న మనిషి ఇంటికెళ్లి ఏం చెబుతుందో ఊహించుకోండి.

మొదటి 10 షిఫ్టులు కొత్తవారిని లెక్కలోకి తీసుకోవద్దు. అంటే ఆ షిఫ్టుకు నలుగురు కావాలంటే నలుగురూ ఉండాలి, కొత్త మనిషి ఐదో మనిషి. ఒకే సీనియర్‌ను జత చేయండి, కొత్తవారి డ్యూటీలన్నీ ఆ సీనియర్ డ్యూటీలతోనే కలిసి పడాలి. సీనియర్‌కు నేర్పినన్నాళ్లూ అదనపు భత్యం ఇవ్వాలి, ఆమె చూసే వృద్ధుల్లో ఒకరిద్దరిని తగ్గించాలి. ఈ రెండూ లేకుండా "కాస్త ఈమెకు కూడా చూపించమ్మా" అంటే సీనియర్‌కు కొత్తవాళ్లంటే విసుగు పుడుతుంది, ఆ విసుగు కొత్తవారి మీదే చూపిస్తుంది.

బాధ్యత అప్పగించడం కూడా మెట్లు మెట్లుగా జరగాలి. మొదట ఇద్దరు వృద్ధులు, అదీ సులువుగా మాట్లాడేవాళ్లు. రెండు మూడు షిఫ్టులకు ఒకరి చొప్పున పెంచండి. లిఫ్టింగ్ మెషిన్ వాడాల్సినవాళ్లను, గొంతులో పొలమారే ప్రమాదం ఉన్నవాళ్లను నేర్చుకున్నట్టు కళ్లారా చూశాకే ఇవ్వండి. ఒంటరి నైట్ డ్యూటీ ఆరు వారాల లోపు వద్దు.

ఎక్కడ చెడుతుందో చెప్పాలంటే, దాదాపు ఎప్పుడూ ఒకేలా చెడుతుంది. మూడో రోజు ఉదయం ఎవరో డ్యూటీకి రారు. సూపర్‌వైజర్ చూపు కొత్తమ్మాయి మీద పడుతుంది. "ఈ ఒక్కరోజుకు సర్దుకో" అని తొమ్మిదిమందిని అప్పగిస్తారు. ఎవరికి పళ్లసెట్టు ఉందో, ఎవరు కుడి పక్కకు తిరిగితే ఏడుస్తారో ఆమెకు తెలియదు. పది గంటలకు ఎవరి కొడుకో వచ్చి "అమ్మకు ఇంకా మొహం కడగలేదేంటి?" అంటాడు. ఐదో రోజు ఫోన్ స్విచ్ఛాఫ్ వస్తుంది. అందుకే కొత్తవారిని మొదటి 10 షిఫ్టుల్లో ఖాళీ నింపడానికి వాడకూడదన్న నియమాన్ని కాగితం మీద రాసి, దాన్ని తప్పాలంటే మేనేజర్ సంతకం కావాలని పెట్టండి. సూపర్‌వైజర్ దయ మీద వదిలితే ఆ నియమం నిలవదు.

మొదటి షిఫ్టు ముగిసేటప్పుడు ఒకసారి, మొదటి వారం చివర, రెండో వారం చివర, ఆ తర్వాత 30, 60, 90 రోజులకు పావుగంట మాట్లాడండి. "అంతా బాగుందా?" అంటే "బాగుందండీ" అనే జవాబే వస్తుంది. "నిన్నటి డ్యూటీలో అన్నిటికంటే కష్టమైన గంట ఏది?", "ఎవరి దగ్గరికి వెళ్లాలంటే భయంగా ఉంది?", "చెప్పిన పనికీ చేస్తున్న పనికీ ఏం తేడా కనిపించింది?" అని అడిగితే విషయం బయటపడుతుంది.

డ్యూటీ చార్టు

జీతం తర్వాత మనిషిని నిలబెట్టేదీ, వెళ్లగొట్టేదీ ఇదే. కొన్నిచోట్ల జీతం కంటే ముందు.

నాలుగు వారాల చార్టు ముందే గోడకు అంటించాలి, ఫోన్‌లో కూడా అందాలి. వేశాక మార్చాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. సాయంత్రం షిఫ్టు రాత్రి 10కి ముగించి మర్నాడు ఉదయం 6కి రమ్మనడం చాలాచోట్ల అలవాటుగా జరిగిపోతుంది. మధ్యలో ఉన్నవి 8 గంటలు. రాకపోకలకు, తిండికి, స్నానానికి పోను నిద్రకు ఐదు గంటలు కూడా మిగలవు. యూరోపియన్ యూనియన్ 2003 నాటి పనివేళల ఆదేశం రోజుకు కనీసం 11 గంటల వరుస విశ్రాంతి ఉండాలంటుంది. మీ దగ్గర చట్టం ఏం చెప్పినా ఆ 11 గంటల్ని సొంత నియమంగా పెట్టుకోవడం మంచిది. షిఫ్టులు మారేటప్పుడు ఉదయం నుంచి సాయంత్రానికి, సాయంత్రం నుంచి రాత్రికి జరపండి. వెనక్కి తిప్పితే ఒళ్లు అలవాటు పడడం కష్టం. నైట్ డ్యూటీలు వరసగా మూడు దాటనివ్వొద్దు, రాత్రులు అయ్యాక రెండు రోజుల సెలవు ఉండాలి. నిద్ర లేచేసరికే మొదటి సెలవు సగం అయిపోతుంది మరి.

చార్టు ఎందుకు చెడుతుందంటే, సగం సార్లు మనుషుల్ని మొదట్లోనే తక్కువ లెక్కేయడం వల్ల. ఒక పోస్టులో రోజంతా, వారమంతా ఎవరో ఒకరు ఉండాలంటే వారానికి 168 గంటలు. మనిషికి 40 గంటల పని అయితే 4.2 మంది కావాలి. ఇంతవరకు అందరూ వేస్తారు. సెలవులు, జబ్బులు, శిక్షణ కలిపి 15 శాతం సమయం పోతుందనుకుంటే 4.2ను 0.85తో భాగించాలి, దాదాపు 5 మంది వస్తారు. మనిషికి 48 గంటల పని ఉన్నచోట అదే లెక్క 4.1 అవుతుంది. ఐదుగురు కావాల్సి ఉండగా నలుగురితో సరిపెట్టిన చోట ఐదో మనిషి పని ఆ నలుగురి సెలవుల్లోంచే తీస్తారు. "రేపు సెలవు కదా, ఒక్కపూట రాగలవా?" అన్న ఫోన్లన్నీ అక్కడినుంచే వస్తాయి. మీ 15 శాతం ఎంతో ఊహించకండి, గత ఏడాది హాజరు పుస్తకం తీసి చూడండి.

అత్యవసరానికి ఒక స్టాండ్‌బై జాబితా పెట్టండి. ఆ రోజు ఎవరి వంతో ముందే చార్టులో ఉండాలి, పిలిచినా పిలవకపోయినా స్టాండ్‌బైకి కొంత భత్యం ఇవ్వాలి. జాబితాలో లేనివాళ్లకు సెలవు రోజు ఫోన్ చేయొద్దు. ఎప్పుడూ కాదనని మనిషికే ప్రతిసారీ ఫోన్ వెళ్తుంది. ఆమె ఒక్క మాటైనా అనకుండా అలసిపోయి ఒకరోజు మానేస్తుంది, అందరూ ఆశ్చర్యపోతారు.

డ్యూటీలు తమలో తాము మార్చుకునే వీలు ఇవ్వండి, 11 గంటల నియమం దాటకూడదన్న ఒక్క షరతుతో. నెదర్లాండ్స్‌లో 2006లో మొదలైన బ్యూర్ట్‌జోర్గ్ సంస్థలో ఇళ్లకు వెళ్లి చూసుకునే నర్సులు గరిష్ఠంగా 12 మంది జట్లుగా ఉండి తమ డ్యూటీలు తామే వేసుకుంటారు. అంత దూరం వెళ్లక్కర్లేదు గానీ, చార్టు వేసే ముందు జట్టుతో అరగంట కూర్చుంటే తర్వాత వచ్చే తగాదాల్లో చాలామటుకు తప్పుతాయి.

ఇళ్లకు వెళ్లి పనిచేసేవాళ్ల విషయంలో ఇంకో తలనొప్పి ఉంది. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పోయే సమయాన్ని పనివేళగా లెక్కించకపోతే, 10 గంటలు బయట తిరిగి 6 గంటల జీతం తెచ్చుకుంటారు. ప్రయాణం పనే, దానికి జీతం ఇవ్వాలి. ఒక మనిషికి ఇచ్చే ఇళ్లన్నీ ఒకే వైపు ఉండేలా చూస్తే ఆ ఖర్చూ తగ్గుతుంది.

పని భారం: తలల లెక్క కాదు, నిమిషాల లెక్క

"ఒకరికి పదిమంది" అనే లెక్కలో ఆ పదిమంది ఎలాంటివాళ్లో ఉండదు. ఉదయం 6:30 నుంచి 9 వరకు 150 నిమిషాలు. పదిమందిలో నలుగురు పూర్తిగా మంచాన ఉన్నవాళ్లు అనుకోండి. డైపర్, ఒళ్లు తుడవడం, నోరు శుభ్రం చేయడం, బట్టలు, వీల్‌చెయిర్‌లోకి మార్చడం కలిపి ఒక్కొక్కరికి 35 నిమిషాలు, అంటే 140. ముగ్గురికి సగం సాయం చాలు, 20 చొప్పున 60. మిగిలిన ముగ్గురిని పలకరించి మందులు అందాయో లేదో చూడటానికి 5 చొప్పున 15. మొత్తం 215 నిమిషాలు. తక్కువ పడిన 65 నిమిషాలు ఎక్కడో ఒకచోట కోత పడాల్సిందే. మొదట నోటి శుభ్రత పోతుంది, తర్వాత మాటలు పోతాయి, ఆ తర్వాత ఇద్దరు కలిసి లేపాల్సిన మనిషిని ఒక్కరే లేపేస్తారు. రోజూ పని సగంలో వదిలేశానన్న బాధ జీతం పెంచినా పోదు.

దీనికి రెండు దారులున్నాయి. ఉదయం రెండున్నర గంటలకే వచ్చి వెళ్లే పార్ట్‌టైం మనిషిని పెట్టడం ఒకటి. పూర్తి ఉద్యోగం చేయలేనివాళ్లు దీనికి బాగా దొరుకుతారు. స్నానాలన్నీ ఉదయమే కావాలన్న పట్టు వదిలేయడం రెండోది. అడిగి చూస్తే మధ్యాహ్నమో సాయంత్రమో స్నానం చేస్తామనే వృద్ధులు తప్పకుండా ఉంటారు.

అదే కేర్‌టేకర్‌కు అదే వృద్ధులను నెలల తరబడి ఇవ్వండి. ఎవరికి ఏ పక్క నొప్పి, ఎవరిని ఎలా పిలిస్తే లేస్తారో తెలిసినవారికి పని త్వరగా తెములుతుంది, అనుబంధమూ ఏర్పడుతుంది. ఒకే కష్టమైన మనిషి ఒక్కరికే పడితే మాత్రం ఆరు వారాలకోసారి అడిగి మార్చండి.

నడుము

ఈ పనిలో చేరినవాళ్లను ముందుగా దెబ్బతీసేది నడుము. అమెరికాలోని వృత్తి భద్రతా సంస్థ నియోష్ లెక్క ఆధారంగా 2007లో వచ్చిన సూచన ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా రోగిని చేతులతో ఎత్తే బరువు 35 పౌండ్లు, సుమారు 16 కిలోలు దాటకూడదు. 55 కిలోల మనిషిని మంచం మీంచి కుర్చీలోకి ఒంటరిగా మార్చడం ఏ లెక్కన చూసినా హద్దు మీరడమే. చంకల కింద చేతులు వేసి లేపితే వృద్ధుల భుజం కీలుకు కూడా ప్రమాదం.

లిఫ్టింగ్ మెషిన్ కొన్నాక కూడా చేతులతోనే ఎత్తుతున్నారంటే తప్పు పనివాళ్లది కాకపోవచ్చు. మెషిన్ వేరే అంతస్తులో ఉంటుంది, బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, లేదా గుడ్డ ఉయ్యాల లాంటి స్లింగ్ ఒకే సైజులో ఉండి ఈ మనిషికి సరిపోదు. ఇవన్నీ సర్దుకునేసరికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఆమె దగ్గర లేవు. కాబట్టి అంతస్తుకు ఒక మెషిన్, ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉండే రెండో బ్యాటరీ, వాడే ప్రతి వృద్ధుడికీ పేరు రాసిన సొంత స్లింగ్ ఉండాలి. మంచం మీద పక్కకు జరపడానికి జారే షీట్లు ప్రతి గదిలో ఉండాలి, అవి చవక, అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేవీ అవే. పని మొదలుపెట్టే ముందు మంచాన్ని కేర్‌టేకర్ నడుము ఎత్తుకు పెంచడం అలవాటు చేయించండి. ఎత్తు మారని మంచాలుంటే, కొత్తవి కొనేటప్పుడు ముందుగా మార్చాల్సినవి అవే. శిక్షణ అంటే వీడియో చూపించడం కాదు, ఆరు నెలలకోసారి రెండు గంటలు ఒకరినొకరు స్లింగ్‌లో కూర్చోబెట్టి ఎత్తి చూడాలి. తానొకసారి గాల్లో వేలాడిన మనిషి వృద్ధులను ఎత్తే ముందు చెప్పి ఎత్తుతుంది.

దెబ్బలు, నిందలు, చావులు

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు కొట్టడం, గిచ్చడం "ఈ పనిలో మామూలే" అని కొట్టిపారేస్తే అది వినే మనిషి ఎక్కువకాలం ఉండదు. ప్రతి సంఘటనకూ మూడు ముక్కలు రాయించండి: అంతకుముందు ఏం జరిగింది, ఆ వృద్ధులు ఏం చేశారు, తర్వాత ఏమైంది. వారం రోజులవి పక్కపక్కన పెడితే తరచూ ఒక కారణం కనిపిస్తుంది. మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, చెప్పుకోలేని నొప్పి, చల్లటి నీళ్లు, ఒకేసారి ఇద్దరు మాట్లాడటం. స్నానం దగ్గరే గొడవ ఎక్కువైతే మొత్తం బట్టలు తీసేయకుండా వెచ్చటి తువ్వాలు కప్పి, ఒక్కో భాగం తీసి తుడిచి మళ్లీ కప్పే పద్ధతి నేర్పండి. చాలామందికి చలి, సిగ్గే అసలు బాధ. దెబ్బ తిన్న కేర్‌టేకర్‌ను ఆ షిఫ్టుకు వేరే గదికి మార్చి, పది నిమిషాలు కూర్చోబెట్టి, ఏమైందో వినాలి. "నువ్వేం చేశావు?" అన్నది మొదటి ప్రశ్న కాకూడదు.

బంధువుల నోటిదురుసు ఇంకా కష్టం. పనిచోట హింస, వేధింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో తెచ్చిన 190వ ఒప్పందం బయటివాళ్ల నుంచి ఎదురయ్యేదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. వృద్ధులను చేర్చుకునే రోజే బంధువుల సంతకం తీసుకోండి: ఫిర్యాదు సూపర్‌వైజర్‌కు చెప్పాలి, కేర్‌టేకర్ మీద అరవకూడదు. మొదటిసారి ఎవరైనా దాన్ని తప్పినప్పుడు మేనేజర్ ఎటువైపు నిలబడ్డారో సిబ్బంది అంతా చూస్తారు.

దొంగతనం నింద వల్ల పోయేవాళ్లు తక్కువేం కాదు. ఉంగరం కనపడకపోతే ముందు అనుమానం కేర్‌టేకర్ మీదే. వృద్ధులు చేరే రోజు వాళ్ల నగలు, నగదు, ఫోను, కళ్లద్దాలు, వినికిడి యంత్రం జాబితా రాసి ఇద్దరి సంతకాలు పెట్టండి. విలువైనవి ఇంటికి పంపేయండి, లేదా బీరువాలో పెట్టి రసీదు ఇవ్వండి. ఏదైనా పోయిందంటే దిండు గలీబులు, చాకలి సంచి, కోటు జేబులు, పరుపు మడతలు వెతకడం మొదటి మెట్టు అని రాసి ఉంచండి. కళ్లద్దాలు, పళ్లసెట్టు తరచూ దొరికేది అక్కడే. అది పూర్తయ్యేదాకా ఎవరి బ్యాగూ తెరిపించకూడదు.

చూసుకున్న మనిషి పోయినప్పుడు ఆ మాట డ్యూటీకి వచ్చే ముందే ఫోన్‌లో చెప్పాలి. ఖాళీ మంచం చూసి తెలుసుకోవడం చాలా క్రూరం. చివరి చూపుకు వెళ్లడానికి సమయం ఇవ్వండి, జీతం కట్ చేయకుండా. అదే రోజు ఆ మంచానికి కొత్తవారిని తెచ్చి అదే మనిషికి అప్పగించవద్దు.

అలసట ముదిరితే కనిపించే మూడు గుర్తులను మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టినా మాస్లాక్ 1981లోనే వివరించారు: మనసు ఎండిపోవడం, ఎదుటి మనుషుల పట్ల రాయిలా మారడం, నేను చేసేదానివల్ల ఏం ఉపయోగం అనిపించడం. రెండోది చెవికే తెలుస్తుంది. పేరు పెట్టి పిలిచే మనిషి "తొమ్మిదో నంబరు మంచం" అనడం మొదలుపెడితే, తిట్టకుండా సెలవు ఇప్పించండి.

జీతం

తక్కువ జీతానికి ఆప్యాయత ప్రత్యామ్నాయం కాదు. దగ్గరలో ఇదే మనిషికి దొరికే ఇతర పనుల జీతాలతో, అంటే దుకాణంలో, హోటల్లో, ఇళ్లల్లో, మీ జీతాన్ని పోల్చండి. మరో వృద్ధాశ్రమంతో మాత్రమే పోల్చుకుంటే మోసపోతారు. జీతం ఒకే తేదీన పడాలి. స్లిప్పులో మామూలు గంటలు, ఓవర్‌టైం, నైట్ భత్యం, కోతలు విడివిడిగా ఉండాలి. తప్పు పడితే వచ్చే నెలలో సర్దుతామనకుండా మూడు రోజుల్లో ఇచ్చేయాలి.

కొత్తవాళ్లు దొరకడం లేదని చేరే జీతం పెంచి పాతవాళ్లది వదిలేస్తే, మూడేళ్ల అనుభవం ఉన్న మనిషి నిన్న వచ్చిన మనిషితో సమానమవుతుంది. ఆ నెలలోనే పాతవాళ్లది కూడా సర్దండి. చేరగానే ఇచ్చే బోనస్ మనుషుల్ని రప్పిస్తుంది గానీ నిలబెట్టదు, అదే డబ్బును 90 రోజులు, ఆరు నెలలు, ఏడాదికి విడదీసి ఇవ్వండి. ఒక్కరోజు కూడా సెలవు పెట్టనివాళ్లకు బోనస్ అనే పద్ధతి వద్దే వద్దు. జ్వరంతో, విరేచనాలతో డ్యూటీకి వచ్చి వృద్ధులందరికీ అంటిస్తారు.

ఎదుగుదలకు మెట్లు పెట్టండి, ప్రతి మెట్టుకూ జీతం జోడించండి. మతిమరుపు జబ్బు సంరక్షణ, మందులు అందించడం, బెడ్‌సోర్స్ (మంచాన ఉండి పడే పుండ్లు) నివారణ, చివరి దశ సంరక్షణ, కొత్తవాళ్లకు నేర్పడం. శిక్షణ పనివేళల్లోనే జరగాలి. జీతం పెరగని సర్టిఫికెట్ గోడకే పనికొస్తుంది.

మానేయకుండా సర్టిఫికెట్లు, గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పే 11 నిర్బంధ శ్రమ సూచికల్లో గుర్తింపు పత్రాలు లాక్కోవడం ఒకటి. జీతం ఆపిపెట్టడం మరొకటి.

సూపర్‌వైజర్

బాగా పనిచేసే కేర్‌టేకర్‌ను ఒక శుక్రవారం సూపర్‌వైజర్ చేసి సోమవారం నుంచి పదిహేనుమందిని అప్పగిస్తారు. పని తెలుసు గానీ మనుషుల్ని నడపడం ఎవరూ నేర్పలేదు. తప్పును పక్కకు పిలిచి చెప్పడం, సెలవు ఇవ్వలేనప్పుడు కారణంతో చెప్పడం, ఇద్దరి తగాదా వినడం, చార్టు వేయడం: ఈ నాలుగింటికి కనీసం మూడు రోజుల శిక్షణ కావాలి. ఒక్కరి కింద 8 నుంచి 12 మంది మించకుండా చూడండి.

షిఫ్టు మారేటప్పుడు పావుగంట అప్పగింత జీతంతో కూడిన సమయంగా ఉండాలి, అందులో కేర్‌టేకర్లే మాట్లాడాలి. "రెండు రోజులుగా ఆవిడ సగమే తింటోంది" అని మొదట గమనించేది వాళ్లే. ఆ మాట విని ఏం చేశారో మర్నాడు వాళ్లకు తిరిగి చెప్పండి. ఏమీ చెప్పకపోతే మూడోసారికి చెప్పడం మానేస్తారు.

ఆరు నెలలకోసారి ఉన్నవాళ్లందరితో 20 నిమిషాలు విడిగా కూర్చోండి. ఇక్కడ ఏం ఉందని ఉంటున్నారు, కిందటిసారి ఎప్పుడు మానేద్దామనిపించింది, ఆ రోజు ఏం జరిగింది, ఏ ఒక్కటి మారిస్తే బాగుంటుంది. విన్నవాటిలో ఒక్కటైనా పది రోజుల్లో చేయాలి, చేయలేనిది ఎందుకు చేయలేమో చెప్పాలి. అడిగి వదిలేస్తే అడగకపోవడం కన్నా చేటు.

ఇంట్లో పెట్టుకున్నప్పుడు

ఇంట్లోనే ఉండి చూసుకునే మనిషికి డ్యూటీ ఎక్కడ ముగుస్తుందో ఎవరికీ తెలియదు, గొడవంతా అక్కడే. గృహ కార్మికుల కోసం 2011లో వచ్చిన 189వ అంతర్జాతీయ ఒప్పందం వారానికి కనీసం 24 గంటల వరుస విశ్రాంతి ఇవ్వాలంటుంది. ఆ రోజు ఎవరు చూసుకుంటారో మనిషిని పెట్టుకునే ముందే తేల్చుకోండి. బదులు మనిషి లేని వీక్లీ ఆఫ్ కాగితం మీదే ఉంటుంది. రాత్రి రెండు సార్లకు మించి లేవాల్సి వస్తుంటే అది ఒక్కరి పని కాదు, రాత్రికి వేరే మనిషి కావాలి. చేయాల్సిన పనులు రాసి ఇవ్వండి. పెద్దాయన బట్టలు ఉతకడం అందులో ఉండొచ్చు, ఇంటిల్లిపాదివీ ఉతకడం ఉండకూడదు. పనులు చెప్పేది ఇంట్లో ఒక్కరే కావాలి. కెమెరాలుంటే ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించాలి, ఆమె పడుకునేచోట, బట్టలు మార్చుకునేచోట పెట్టకూడదు.

మానేస్తానని చెప్పినప్పుడు

24 గంటల లోపు కూర్చుని మాట్లాడండి. జీతం పెంచుతామన్న మాట మొదటే ఎత్తొద్దు. కారణం షిఫ్టు అయితే షిఫ్టు మారిస్తే సరిపోతుంది, కారణం సూపర్‌వైజర్ అయితే ఎంత పెంచినా రెండు నెలలే. వెళ్లాలనే నిర్ణయం మారకపోతే రావాల్సిన జీతం, సెలవుల డబ్బు, అనుభవ పత్రం చివరి రోజే చేతికివ్వండి. ఆమె చూసుకున్న వృద్ధులకు విషయం చెప్పి, వీడ్కోలు చెప్పుకునే సమయం ఇవ్వండి.

వెళ్లేరోజు రాయించే ఫారంలో "వ్యక్తిగత కారణాలు" తప్ప మరేమీ రాయరు. అసలు కారణం కావాలంటే రెండు నెలలయ్యాక, ఆమె పై అధికారి కాని మరొకరు ఫోన్ చేసి అడగాలి. అదే ఫోన్‌లో కొత్త పని ఎలా ఉందో అడిగి, తిరిగి రావాలంటే పాత జీతం మెట్టు, పాత సీనియారిటీతోనే తీసుకుంటామని చెప్పండి. మరోచోట చూసి తిరిగొచ్చినవాళ్లకు ఇక్కడి పని కొత్తగా నేర్పక్కర్లేదు, 10 షిఫ్టుల బదులు మూడు చాలు.